అసలు పోయినా ఆట నిలిచింది: పాత వీడియో గేమ్ కంట్రోలర్లకు నకళ్లు ఎట్లా పుట్టాయి



పోయిన నెల మన సంఘం గది సర్దేటప్పుడు అటక మీద ఒక పాత టీవీ గేమ్ పెట్టె బయటపడింది. తొంభైలలో పిల్లకాయల కోసం కొన్నది. కరెంటు ఇస్తే టీవీలో బొమ్మ వచ్చింది. చేతిలో పట్టుకునే కంట్రోలర్లు మాత్రం రెండూ పని చేయలేదు. ఒకరు పాత సామాన్ల అంగడికి వేసేద్దామన్నారు. ఇంకొకరు, "కొత్త కంట్రోలర్ దొరుకుతుంది గానీ అది డూప్లికేట్ కదా, దానికి దుడ్డు దండగ" అన్నారు. ఆ డూప్లికేట్ అనే మాట మాకు ముల్లు మాదిరి గుచ్చుకుంది. సరే, దీని చరిత్ర ఏమిటో చూద్దామని కూర్చున్నాము.

కథ అమెరికాలో మొదలవుతుంది. 1977లో అటారి కంపెనీ ఇంట్లో ఆడే గేమ్ యంత్రం ఒకటి తెచ్చింది. తర్వాత దానికి అటారి 2600 అని పేరు. దాని జాయ్‌స్టిక్‌లో ఉండేది అయిదు స్విచ్చులే. నాలుగు దిక్కులకు నాలుగు, కాల్చడానికి ఒకటి. ఒక్కో స్విచ్చుకు ఒక్కో తీగ. కొసన తొమ్మిది పిన్నుల ప్లగ్గు. ఆ ప్లగ్గు అటారి సొంతం కాదు, ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్లలో ఎవరైనా కొనగలిగేది. అందుకని ఇతర కంపెనీలు సులభంగా లోపలికి వచ్చాయి. అంగళ్లలో నాణేలు వేసి ఆడే యంత్రాలకు విడిభాగాలు అమ్మే వైకో కంపెనీ గట్టి జాయ్‌స్టిక్‌లు చేసింది. స్పెక్ట్రావీడియో వాళ్ల క్విక్‌షాట్ కూడా నిండా పేరు తెచ్చుకుంది. కమొడోర్ 64 కంప్యూటర్‌కూ అదే తొమ్మిది పిన్నుల ప్లగ్గు కాబట్టి ఒకే జాయ్‌స్టిక్ రెండింటికీ పనికొచ్చేది. అప్పట్లో దీన్ని ఎవరూ దొంగ సరుకు అనలేదు. అసలుకంటే గట్టిది కావాలని కోరి కొన్నారు.

1983 జులై 15న జపాన్‌లో నింటెండో కంపెనీ ఫ్యామికామ్ యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దీనికి కర్ర లేదు. బొటనవేలితో నొక్కే కూడిక గుర్తు మాదిరి బటన్ ఉంది. గున్‌పే యోకోయి అనే ఆయన 1982లో చేతి గేమ్ ఒకదానికి చేసిన ఏర్పాటు అది. మొదటి ఫ్యామికామ్‌లో రెండు కంట్రోలర్లూ పెట్టెకే అతికి ఉండేవి, ఊడదీసి మార్చే వీలు లేదు. అయితే ముందు పక్క 15 పిన్నుల రంధ్రం ఒకటి పెట్టారు. హడ్సన్, హోరి వంటి కంపెనీలు తమ కంట్రోలర్లను ఆ దారినే తెచ్చాయి. బటన్ పట్టుకుంటే చాలు, తానే టకటకా కొట్టే టర్బో ఏర్పాటు పిల్లలకు నిండా నచ్చింది.

కంట్రోలర్ లోపల ఏముందో చెప్పాలి. మేము రైల్వేలో పని చేసినవాళ్లము కాబట్టి మాకు తెలిసిన మాటలో చెప్తాము. బటన్లు ఎనిమిది. వాటికి ఎనిమిది తీగలు లాగకుండా 4021 అనే చిప్ పెట్టారు. యంత్రం ఒక సైగ ఇస్తే ఎనిమిది బటన్ల స్థితి ఎనిమిది వ్యాగన్ల మాదిరి వరుసగా నిలుస్తుంది. తర్వాత ఒక్కో సైగకు ఒక్కో వ్యాగన్ ఒకే పట్టా మీద బయటికి వస్తుంది. సెకనుకు 60 సార్లు ఇట్లా జరుగుతుంది. మొత్తం అయిదు తీగలు చాలు. ఇందులో రహస్యం ఏమీ లేదు, ఆ చిప్ ఎన్నో కంపెనీలు అమ్మే మామూలు సరుకు. 1985లో అమెరికాకు పంపిన యంత్రంలో నింటెండో క్యాసెట్లకు తాళం చిప్ పెట్టింది. కంట్రోలర్‌కు అట్లాంటి తాళం పెట్టలేదు. నకళ్లకు తలుపు తెరిచి ఉంది అక్కడే.

ఎనభైల చివర్లో తైవాన్‌లో ఫ్యామికామ్ చిప్పులకే నకళ్లు తయారయ్యాయి. వాటితో పెట్టె మొత్తం నకలు చేసి ఊరూరా పంపారు. రష్యాలో 1992 నుంచి డెండీ అని, పోలండ్‌లో పెగాసస్ అని అమ్మారు. మన దేశంలో సమురాయ్, మీడియా మాదిరి పేర్లతో వచ్చాయి. ఈ పెట్టెల్లో చాలావాటికి కంట్రోలర్ ఊడదీసే ప్లగ్గు పెట్టారు. ఏ ప్లగ్గు? అదే అటారి కాలపు తొమ్మిది పిన్నులది. అయితే లోపల తీగల వరుస వేరు, అటారి జాయ్‌స్టిక్ ఇందులో పెడితే ఆడదు.

ఇప్పుడు మన అటక మీది పెట్టెకు వద్దాము. తిప్పి చూస్తే అదీ ఈ జాతిదే. అంటే మనం డూప్లికేట్ వద్దంటున్నది ఇంకో డూప్లికేట్ కోసం!

అసలు యంత్రాల గతి ఏమయింది? ఫ్యామికామ్ తయారీ 2003లో ఆగింది. విడిభాగాలు లేవని 2007 అక్టోబర్‌తో నింటెండో మరమ్మతు కూడా మానేసింది. బటన్ కింది రబ్బరు అరుగుతుంది, తీగ మడతల కాడ తెగుతుంది. కన్నవాళ్లే చేయి వదిలేస్తే ఆ యంత్రాలను ఎవరు చూడాలి? ఆ కూడిక గుర్తు బటన్ మీద నింటెండోకు ఉన్న అమెరికా పేటెంట్ కూడా 2005లో ముగిసింది. ఆ తర్వాత పాత రూపాన్నే చేసేవాళ్లు పెరిగారు. చైనాలోని షెన్‌జెన్ నుంచి 8బిట్‌డు కంపెనీ పాత ఆకారంలోనే తీగ లేని కంట్రోలర్లు తెచ్చింది. రెట్రో-బిట్ కంపెనీ 2018లో సెగా అనుమతి తీసుకునే పాత సెగా కంట్రోలర్ల నకళ్లు ప్రకటించింది. అదే ఏడు నింటెండో తన కొత్త స్విచ్ యంత్రం కోసం పాత కంట్రోలర్ రూపాన్ని తానే మళ్లీ చేసి అమ్మింది.

అన్ని నకళ్లూ ఒకటే అని మేము అనము. ఇంకొకరి పేరు అచ్చు వేసుకుని అమ్మేది మోసమే. తన పేరు చెప్పుకుని, పాత యంత్రానికి ఊపిరి పోసేది వేరు.

ముల్లు ఎందుకు గుచ్చుకుందో కూడా చెప్పేస్తాము. తమిళ బడిలో చదివి, ఇంట్లో వినికిడితో తెలుగు నేర్చిన మనలను "మీది అసలు తెలుగేనా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. అరిగిన చోట దొరికినదాన్ని అతికించుకుని మాట్లాడుకుంటూ వచ్చాము. అందుకే మాట నిలిచింది.

తొమ్మిది పిన్నుల కంట్రోలర్లు రెండు కొని తెచ్చాము. పెట్టె ఆడుతోంది. వచ్చే ఆదివారం కూటానికి పిల్లలను తీసుకురండి. మీ అటక మీద ఇట్లాంటి పెట్టె ఉంటే పారేయకండి, దాన్నీ తీసుకురండి.