ఆగి చూసుకునే కణం

ముంబైలోని ఫోరస్ రోడ్డు నుంచో కామాటిపుర చాళ్ల నుంచో ఎక్స్‌రేకి వెళ్లిన మన ఆడవాళ్లను ముందుగా అడిగేది, కడుపుతో ఉన్నారా అని. దాటవేయకూడని ప్రశ్న అది. ఎక్స్‌రేలు కణాన్ని ఏం చేస్తాయో తేల్చిన పరిశోధనలో ఒక తెలుగువాడి చేయి కూడా ఉందని మనలో చాలామందికి తెలియదు.

1932లో పాల్ హెన్షా అనే అమెరికన్ శాస్త్రవేత్త సీ అర్చిన్ గుడ్లకు ఎక్స్‌రేలు తగిలించి చూశాడు. ఒళ్లంతా ముళ్లుండే ఈ సముద్ర ప్రాణి గుడ్డు, ఫలదీకరణ జరిగాక సుమారు గంటలో రెండు కణాలవుతుంది. కిరణాలు తగిలిన గుడ్లూ చీలాయి, కాకపోతే ఆలస్యంగా. కిరణాలు తగిలాక కొంతసేపు ఆగి ఫలదీకరణ చేస్తే ఆ ఆలస్యం తగ్గింది. అంటే ఆ వ్యవధిలో గుడ్డు కోలుకుంటోంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన గమనింపు ఇదే.

ఎందుకు ఆలస్యమవుతోందో చెప్పాలంటే, విభజనకు ముందు కణం ఏం చేస్తుందో తెలియాలి. 1953లో లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో ఆల్మా హోవార్డ్, స్టీఫెన్ పెల్క్ చిక్కుడు జాతి మొక్క వేళ్లకు రేడియోధార్మిక భాస్వరం ఇచ్చి ఆ లెక్క తేల్చారు. కణం కొంత విరామం తర్వాత డీఎన్‌ఏకు నకలు తీసుకుంటుంది, మళ్లీ విరామం, ఆ తర్వాతే విభజన. ఈ రెండో విరామానికే జీ2 అని పేరు.

ఇక్కడికి వస్తాడు పోటు ఎన్. రావు. ఇంటిపేరు వింటేనే మనవాడని తెలిసిపోతుంది. అమెరికాలోని కొలరాడోలో రాబర్ట్ జాన్సన్‌తో కలిసి, హీలా అనే మనిషి కణాలను సెండాయ్ వైరస్ సాయంతో రెండేసి చొప్పున అతికించాడు. ఒకే కణద్రవంలో వేర్వేరు దశల్లో ఉన్న రెండు కేంద్రకాలు! 1970లో 'నేచర్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. నకలు పూర్తిచేసుకున్న జీ2 కేంద్రకాన్ని, ఇంకా నకలు తీసుకుంటున్న కేంద్రకంతో కలిపితే మొదటిది మళ్లీ నకలు మొదలుపెట్టలేదు, ముందుకూ పోలేదు. ఊరికి పయనమైన ఇద్దరిలో ముందే మూట కట్టుకున్నవాడు రెండోవాడి కోసం కూర్చున్నట్టు, ఆగింది. విభజనలో ఉన్న కణంతో కలిపినప్పుడు మాత్రం, ఏ దశలో ఉన్న కేంద్రకమైనా వేళ కాకుండానే క్రోమోజోములుగా ముడుచుకుపోయింది. విభజన వేళను నిర్ణయించే పదార్థాలు కణద్రవంలో తిరుగుతున్నాయన్నమాట.

ఈ అకాలపు ముడుచుకోవడాన్ని రావు అక్కడితో వదల్లేదు. 1974లో వాల్టర్ హిటెల్‌మన్‌తో కలిసి దాన్నే పనిముట్టుగా వాడి, మామూలుగా క్రోమోజోములు కంటికి కనిపించని, విభజనకు ముందరి దశల్లో ఎక్స్‌రేలు వాటిని ఎలా విరిచాయో చూపించాడు. 1979లో ఆయన బృందం మనిషి కణాల్లోని విభజన పదార్థాలను కప్ప అండాల్లోకి ఎక్కిస్తే, అవీ విభజన బాట పట్టాయి. మనిషికీ కప్పకూ అదే తాళం!

మరి దెబ్బతిన్న కణాన్ని ఆగమని చెప్పేదెవరు? 1988లో టెడ్ వైనర్ట్, లీలాండ్ హార్ట్‌వెల్ ఈస్ట్ కణాల్లో జవాబు పట్టుకున్నారు. రాడ్9 జన్యువు చెడిన కణాలు, ఎక్స్‌రే దెబ్బ తగిలినా ఆగకుండా విభజన చెంది చచ్చిపోయాయి. మందుతో బలవంతంగా కొంతసేపు ఆపితే వాటిలో ఎక్కువ బతికాయి. కణాన్ని కాపాడింది ఆ జాప్యమే. హెన్షా గుడ్లు కోలుకోవడానికి సమయం ఎందుకు కావలసివచ్చిందో దీంతో అర్థం చేసుకోవచ్చు. హార్ట్‌వెల్‌కు 2001లో నోబెల్ వచ్చింది.

అయితే పిండాలన్నీ ఇలా ఆగవు. కప్ప పిండం మొదటి పన్నెండు విభజనలను దాదాపు అరగంటకొకటి చొప్పున ముగిస్తుంది. డీఎన్‌ఏ విరిగినా ఆ పరుగు ఆగదు. తర్వాత శరీర పొరలు ఏర్పడే వేళ దెబ్బతిన్న కణాలు ఒక్కసారిగా చనిపోతాయి. మనిషి పిండానికి మొదటి రెండు వారాల్లో పెద్ద మోతాదులో కిరణాలు తగిలితే అది నిలవకపోవచ్చు. నిలిస్తే సాధారణంగా అవకరం లేకుండా పెరుగుతుంది. మెదడుకు ఎక్కువ ప్రమాదం 8 నుంచి 15 వారాల మధ్య. వైద్యులు జాగ్రత్తపడే కిరణాల మోతాదు హద్దు సుమారు 100 మిల్లీగ్రేలు. ఛాతీ ఎక్స్‌రేలో పిండానికి చేరేది 0.01 మిల్లీగ్రే కన్నా తక్కువ. కాబట్టి తెలియక తీయించుకున్న ఒక్క ఛాతీ ఎక్స్‌రేకు భయపడి గర్భం తీయించుకోవాల్సిన పని లేదు.