గుణదల మెట్ల మీద

రైలు కృష్ణ మీదికి వచ్చింది. కిటికీలోంచి చూడండి. ఇంకా తెల్లవారలేదు. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ గుడి దీపాలు. మీరు వెళ్లాల్సిన అమ్మ ఊరికి ఆ చివర, గుణదల కొండ మీద ఉంది. ఇవాళ ఫిబ్రవరి 11. ఉత్సవాల్లో ఆఖరి రోజు.

ఒళ్లో నిద్రమత్తుగా ఉన్న ఏడేళ్ల బాబుకి మూడోసారి చెబుతారు: "చెయ్యి వదిలిందనుకో, గోడ పట్టుకుని నిలబడు. కదలకు. నేనే వస్తా."

కొండ కింద మంగలి కత్తి చకచకా ఆడుతోంది. పోయినేడు వాడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు అత్తయ్య మొక్కుకున్న తలనీలాలు మీ పాదాల మీద రాలుతున్నాయి. వాడు కదలకుండా ఉండాలని అత్తయ్య కథ చెబుతోంది. 1858లో సరిగ్గా ఇదే రోజున ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే పేదపిల్లకు మరియమ్మ కనిపించిందట. ఇక్కడ అనాథ పిల్లల్ని చూసుకునే అర్లాటి ఫాదర్ 1924లో ఈ కొండ మీద ఆ తల్లి స్వరూపం నిలబెట్టారట. చెవి వెనక చిన్న కత్తి గాటు పడింది. అయినా బాబు గుండు తడుముకుని నవ్వుతాడు. వాడి చేతికి సన్నటి కొవ్వొత్తి ఇస్తారు.

అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. జపమాల తీసుకుని మీ ఆయనతో కిందే కూర్చుంటుంది. మీరిద్దరూ ఎక్కండి.

మైనం వాసన. కొబ్బరినీళ్ల తడి. పైన గుహ, ఇంకా పైన శిఖరాన 18 అడుగుల ఇనుప సిలువ. అక్కడిదాకా వెళ్దామంటాడు బాబు.

జనం చిక్కబడింది. ఎవరిదో మోచెయ్యి పక్కటెముకల్లో దిగింది. చెప్పు జారింది. వంగకండి. వంగితే లేవలేరు.

తోపు.

చెమట వేళ్లు. జారాయి.

చెయ్యి ఖాళీ.

"చిన్నా!"

నలుగురు పిల్లలు తిరిగి చూశారు. అందరివీ గుండ్లే.

పైకా? కిందికా? జనం పైకే నెడుతోంది. మీ కాళ్లూ పైకే లాగుతున్నాయి. ఆగండి. రైల్లో వాడికేం చెప్పారు? వాడు ఆ మాట నమ్మి ఉంటే, మీరూ నమ్మాలి.

జనానికి ఎదురెళ్లకండి. చేతులు రొమ్ముకు అడ్డం పెట్టుకోండి, ఊపిరి ఆడాలి. తోపు తగ్గింది. ఒక అడుగు పక్కకి. మళ్లీ తోపు. నిలదొక్కుకోండి. తగ్గింది. ఇంకో అడుగు.

గోడ. అరచేతికి చల్లగా.

గోడ వెంటే దిగండి. ఒక గుండు. కాదు. ఇంకొకటి. కాదు.

చెవి వెనక కత్తి గాటు.

వాడే. వీపు గోడకు అదిమి, రెండు చేతుల్తో కొవ్వొత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదవులు వణుకుతున్నాయి. "నేను కదల్లేదమ్మా."

ఎత్తుకోండి. సిలువ దాకా వద్దు, ఇవాళ్టికి గుహ చాలు. జనం పలచబడేదాకా గోడ పక్కనే ఆగి, నెమ్మదిగా ఎక్కండి.

గుహ ముందు వాడు పిడికిలి విప్పాడు. కొవ్వొత్తి వంకర తిరిగిపోయింది. మైనం మీద వాడి వేళ్ల గుర్తులు.

"వంగిపోయింది. మరియమ్మ తీసుకుంటుందా?"

వెలిగించండి. వాడి చెయ్యి మీ చేతిలోనే ఉంచుకుని, వెలిగించండి.