వచ్చిన భాషకు తరగతి గది

తెలుగు ఎం.ఏ.లో చేరిన ప్రతి విద్యార్థీ ఒక ప్రశ్న ఎదుర్కొంటాడు: వచ్చిన భాషనే మళ్లీ చదవటమెందుకు? అడిగేవాళ్లు పరాయివాళ్లు కారు. మేనమామలు, ఇరుగుపొరుగు, మాదాపూరులోనో కొండాపూరులోనో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న తోడబుట్టినవాళ్లు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు కాలేజీలో స్పానిష్ పాఠం తీసుకున్నా ఇదే మాట పడతారు. సులువుగా మార్కులు కొట్టటానికి వచ్చారని తోటివాళ్లు అనుకుంటారు. తీరా తరగతిలో కూర్చున్నాక, అమ్మ దగ్గర నేర్చిన మాట పుస్తకంలో మాటతో పొసగదు. మెక్సికో నుంచి కూలికి వచ్చిన కుటుంబం పలుకుబడిని తప్పుల జాబితాగా చూపే వ్యాకరణం ఎదురవుతుంది. అక్కడి అధ్యాపకుల్లో కొందరు 1970ల నుంచీ ఈ పిల్లల కోసం వేరే పాఠాలు తయారుచేసుకుంటూ వచ్చారు. మన కాలేజీల్లో తెలుగు చదివేవాళ్లంతా దాదాపుగా తెలుగు పిల్లలే అయినా, వాళ్లకు భాష ముందే వచ్చునన్న సంగతిని మన పాఠ్యప్రణాళిక ఏనాడైనా లెక్కలోకి తీసుకుందా? ఈ సంగతి తేల్చుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తెలుగును కాలేజీలో పాఠంగా చెప్పటం తెలుగువాళ్ల కోసం మొదలుకాలేదు. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల పెట్టింది కంపెనీ కొలువులో కొత్తగా దిగిన ఇంగ్లీషు కుర్రాళ్ల కోసం. శిస్తు వసూలు చేయాలంటే, ఫిర్యాదు వినాలంటే రైతు మాట అర్థంకావాలి. కాంబెల్ వ్యాకరణం 1816లో వచ్చింది ఆ అవసరంలోంచే. 1817లో మద్రాసులో దిగి అక్కడే తెలుగు నేర్చిన బ్రౌను, 1840లో వ్యాకరణమూ 1852లో నిఘంటువూ అచ్చువేసేనాటికి కచేరీల్లో, వీధుల్లో వినపడే మాటకు కూడా చోటిచ్చాడు. పాలకుడి స్వార్థమే కావచ్చు. కాని మాట్లాడే తెలుగు శాస్త్రీయంగా పరిశీలించదగ్గ వస్తువని మొదట ఒప్పుకోవలసి వచ్చింది ఆ స్వార్థానికే.

తెలుగు బిడ్డల దగ్గరకు వచ్చేసరికి కథ తిరగబడింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. పేరులో బాలురున్నారు గాని, అందులో బాలుర నోట పలికే భాష లేదు, కావ్యభాష ఉంది. సూత్రాల బిగువులో, క్లుప్తతలో దానికి సాటివచ్చేది లేదని నేను ఇప్పటికీ విద్యార్థులకు చెబుతాను. చిక్కు సూరిది కాదు. కవుల ప్రయోగాలను వివరించటానికి రాసిన గ్రంథాన్ని బతికున్న మనిషి వాక్యాన్ని శిక్షించే శాసనంగా వాడుకున్న పండితవర్గానిది. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణం వచ్చి, సూరి వదిలిన ప్రయోగాలు కొన్నిటికి చోటు కల్పించింది, అవీ కావ్యాల్లోవే. విదేశీయుడికి వాడుక భాష, స్వదేశీయుడికి వాడుకలో లేని భాష! వలసపాలన కింద మన చదువు ఎలా రెండు ముక్కలైందో చూపటానికి ఇంతకంటె ఉదాహరణ అక్కర్లేదు.

ఈ వైపరీత్యాన్ని 1906లో పైకి తీసినవాడు కూడా ఇంగ్లీషువాడే కావటం గమనించదగ్గది. విశాఖపట్నం ప్రాంతపు స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్సు, పుస్తకాల తెలుగుకూ తాను బయట వింటున్న తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. జవాబు వెతికినవాళ్లు గురజాడ, గిడుగు. అందులోనూ గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. (మా వృత్తివాళ్లు ఈ మాట కొంచెం గర్వంగానే చెప్పుకుంటారు.) అంతకు చాలా ఏళ్ల ముందే ఆయన లిపిలేని సవర భాషను సవరల నోటినుంచి విని నేర్చాడు, వాళ్లకు వాచకాలు రాశాడు. పొరుగువాడి మాటకు వ్యాకరణం ఉందని చెవితో తెలుసుకున్న మనిషికి సొంత మాటకు వ్యాకరణం లేదనటం ఎలా నచ్చుతుంది? 1911లో జయంతి రామయ్య పంతులు పూనికతో ఆంధ్రసాహిత్య పరిషత్తు ఏర్పడింది, గ్రాంథికం కోటలా నిలబడింది. తగాదా పత్రికల్లో జరిగినా, పోరాడింది పరీక్ష పత్రం కోసం. మద్రాసు విశ్వవిద్యాలయంలో విద్యార్థి వ్యాసం ఏ తెలుగులో రాయాలి? 1914లో గురజాడ అసమ్మతి పత్రం ఇచ్చింది ఈ సందర్భంలోనే. విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది.

నిజాం రాజ్యంలో సమస్య వేరు. అక్కడ తగాదా ఏ తెలుగు అని కాదు, అసలు తెలుగుందా అని. జనాభాలో దాదాపు సగం మంది తెలుగువాళ్లయినా 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనభాష ఉర్దూ. ఒక భారతీయ భాషలో వైద్యమూ ఇంజనీరింగూ చెప్పటం సామాన్యమైన సాహసం కాదు. ఆ ఘనతను ఎవరూ కాదనలేరు. కాని ఆ భారతీయ భాష పల్లెటూరి రైతుబిడ్డది కాదు. 1921లో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆంధ్రజనసంఘం పుట్టింది ఆ అవమానంలోంచే. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను నిలబెట్టి చూపించవలసి వచ్చింది. ఉన్నామని రుజువు చేసుకోవలసిన స్థితి అది.

సి. నారాయణరెడ్డి చదువు ఈ చరిత్రకంతకూ నిలువుటద్దం. 1931లో హనుమాజీపేటలో పుట్టి, సిరిసిల్ల, కరీంనగరం బడుల్లోనూ, ఆ తర్వాత డిగ్రీదాకానూ ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. ఇంట్లో తెలుగు, ఊళ్లో తెలుగు, హరికథలో తెలుగు. బడిలో మాత్రం తెలుగు ఓ పక్కనున్న పాఠం. ఆ కుర్రవాడు ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేసి, 1962లో ఆధునిక కవిత్వం మీద డాక్టరేటు తీసుకున్నారు. ఆ సిద్ధాంత గ్రంథం పేరు గమనించండి: 'ఆధునికాంధ్ర కవిత్వము - సంప్రదాయములు, ప్రయోగములు'. కవిత్వం ఆధునికం, దాన్ని గూర్చి మాట్లాడే పేరు మాత్రం 'ము'వర్ణకం వదలదు. గిడుగు పోయి అప్పటికి ఇరవై రెండేళ్లు.

ఆ తర్వాత వ్యావహారికం గెలిచింది. ఎవరి వ్యావహారికం గెలిచింది? ఇక్కడ మన అభ్యుదయ విమర్శ తగినంత నిజాయితీగా మాట్లాడిందని నేననుకోను. కోస్తా జిల్లాల చదువుకున్న కులాల పలుకుబడి పత్రికలద్వారా, పాఠ్యపుస్తకాలద్వారా శిష్టవ్యావహారికమైంది. 'వచ్చెను' పోయి 'వచ్చాడు' వచ్చింది. 'వచ్చిండు' అనే పిల్లవాడికి రెండూ పరాయివే. నిన్న గ్రాంథికం పేరుతో పడిన ఎర్రసిరా గీత ఇవాళ ప్రమాణభాష పేరుతో పడింది. కాళోజీ దీన్ని జీవితమంతా నిలదీశారు. గిడుగు పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషాదినం, కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినం. పదకొండు రోజుల తేడాతో వచ్చే ఈ రెండు పండుగల్నీ కలిపి చదివితేగాని భాషోద్యమ చరిత్ర పూర్తికాదు.

ఇక గచ్చిబౌలి సంగతి. ఆరుసూత్రాల పథకం ఫలితంగా 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం సరోజినీదేవి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలై ఈ రాళ్లగుట్టల మధ్యకు తరలింది. 1986 నుంచి 1993 వరకు దానికి ఉపాధ్యక్షుడు భద్రిరాజు కృష్ణమూర్తి. రైతుల నోటనుంచి మాటలు ఏరి 1962లో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం తెచ్చినవాడు ఆయన. 1985లో గ్విన్‌తో కలిసి ఆధునిక తెలుగుకు సమగ్రమైన వ్యాకరణం రాశారు, ఇంగ్లీషులో! అంతకు పదేళ్ల ముందు చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' తెలుగులోనే రాశారు. చిన్న పుస్తకం. తెలుగువాడు తనకు తెలియకుండానే పాటిస్తున్న నియమాలను తెలుగువాడికి చూపించిన పుస్తకం. వచ్చిన భాషను ఎందుకు చదవాలన్న ప్రశ్నకు అంత సూటిగా జవాబిచ్చిన పుస్తకం నాకు మరొకటి కనపడలేదు. అయినా మన డిగ్రీ తరగతుల్లో సంధిసూత్రాలకిచ్చే సమయంలో నాలుగోవంతు కూడా వాక్యానికివ్వం.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడు గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఊళ్ల పేర్లు సంస్థల చిరునామాలుగా మారాయి. బౌలి అంటే దిగుడుబావి అని ఆ బస్‌స్టాపులో నిలబడే వేలమందిలో ఎందరికి తడుతుందో. 2025లో విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి నాలుగువందల ఎకరాల మీద ఆందోళన నడిచి, సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపినప్పుడు, 'కంచ' అంటే పశువులు మేసే బీడని పత్రికలు కొత్తగా వివరించవలసి వచ్చింది.

విచిత్రమేమంటే ఈ కారిడారుకే మళ్లీ మాట్లాడే తెలుగు కావలసి వచ్చింది. యంత్రానువాదం కోసం ట్రిపుల్ ఐటీలోనూ, హైదరాబాదు విశ్వవిద్యాలయం అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రంలోనూ తెలుగు పదాన్ని ప్రత్యయాలుగా విడదీసే పని ఏళ్లతరబడి జరిగింది. యంత్రానికి కావ్యభాష చాలదు. 'వచ్చిండు', 'వచ్చాడు', 'వచ్చినాడు' మూడూ ఒకే క్రియ అని దానికి ఎవరో చెప్పాలి. కంపెనీ దొరకు రైతు మాట కావలసినట్టే, ఇవాళ్టి కంపెనీకి కొనుగోలుదారుడి మాట కావాలి. అవసరం వాళ్లది. ఆ మూడు రూపాల చరిత్ర చెప్పగలవాడు మాత్రం తెలుగు చదివినవాడే. వాడికి అక్కడ దొరికేది గంటల లెక్కన కూలి పనా, పరిశోధకుడి హోదానా అన్నది తెలుగు శాఖలు పట్టించుకోవలసిన విషయం. ఇప్పటిదాకా పట్టించుకున్న జాడ తక్కువ.

ఈలోగా కింది తరగతుల్లో పునాది కదులుతోంది. ఇంటర్మీడియట్‌లో మార్కులు బాగా వస్తాయన్న పేరుతో తెలుగు పిల్లలు రెండోభాషగా సంస్కృతం తీసుకోవటం కార్పొరేటు కాలేజీల ఆనవాయితీ. 2017 ప్రపంచ తెలుగు మహాసభలనాడు తెలుగు ఇంటరుదాకా తప్పనిసరి అన్న మాట వినపడింది. 2018లో వచ్చిన చట్టం పదో తరగతి దగ్గర ఆగింది. ప్రభుత్వ వాచకం పేరు 'సింగిడి'. అది కష్టమని 2025 ఫిబ్రవరిలో సి.బి.ఎస్.ఇ. వంటి ఇతర బోర్డుల బడులకు తేలిక తెలుగు వాచకం 'వెన్నెల'ను నిర్ణయించారు. తెలుగు రాని రాష్ట్రాలనుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లలకు అది న్యాయమే. కాని ఆ బడుల్లో వాళ్ల పక్కనే కూర్చుని 'వెన్నెల' చదివేవాళ్లలో వరంగల్లు, నల్లగొండల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ ఉన్నారు. అమ్మమ్మ నోట 'సింగిడి' అనే మాట విన్న పిల్లలు వాళ్లు.