మా నాయన ఫియట్ కారు బ్రేకులు, నందికొండ దిగుడు

పోయిన వారం గ్రూపులో మా నాయన కారు ఫోటో పెట్టినప్పటి నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించినావంట కదా, పాత కారును చెడగొట్టినట్టు కాదా?" రెండు ముక్కల్లో తేలే జవాబు కాదు. ఈ ఆదివారం పోస్టు పొడుగే, ఓపికగా చదవండి.

మాది 1976 మోడల్ ప్రీమియర్ పద్మిని. 1974లో చిత్తోడు రాణి పేరు పెట్టారు గానీ మన బాగేపల్లి, చింతామణి వైపు ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. అందరికీ అది ఫియట్ కారే. నిజానికీ అది ఫియటే. ఇటలీలో 1953లో వచ్చిన ఫియట్ 1100 కుటుంబం దాని మూలం. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు దాన్ని తయారుచేశారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు.

డ్రమ్ము బ్రేకును తక్కువగా చూడొద్దు. పెడలు తొక్కితే ఆయిలు ఒత్తిడికి రెండు షూలు విచ్చుకుని, తిరుగుతున్న డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుంటాయి. డ్రమ్ము తిరిగే ఊపే షూను ఇంకా గట్టిగా లోపలికి లాక్కుంటుంది. అందుకే బూస్టరు లేకున్నా మామూలు కాలి బలానికే కారు ఆగేది. చిక్కు వేడితో వస్తుంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, లైనింగు పట్టు కూడా తగ్గుతుంది. పెడలు కిందికి పోతూనే ఉంటుంది, కారు మాత్రం ఆగదు.

ఇది మనకు పుస్తకంలో చదివిన సంగతి కాదు. కన్నడంలో నందిబెట్ట, మన ఇండ్లల్లో నందికొండ. ఎత్తు 1,478 మీటర్లు. పైనుంచి కింది ఊళ్ల దాకా దాదాపు అయిదు వందల మీటర్ల దిగుడు. అయిదుగురు ఎక్కిన ఫియట్ బరువు పన్నెండు వందల కిలోల పైచిలుకు. అంత బరువును ఒక్క బ్రేకు మీదే దించితే పుట్టే వేడితో పద్దెనిమిది లీటర్ల చన్నీళ్లు పొంగించవచ్చు. ఒక పెద్ద బిందెడు! ఆ వేడంతా నాలుగు ఇనుప డ్రమ్ములే మోయాలి. మలుపుల దగ్గర కార్లు ఆపి, లైనింగు కాలిన కంపు మధ్య జనం నిలబడి ఉండటం మా చిన్నప్పుడు మామూలు దృశ్యం. తొందరపడి కాలే డ్రమ్ము మీద నీళ్లు పోసి పగలగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. "ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల" అని మా నాయన ప్రతిసారీ అనేవాడు.

ఇంకో సంగతి. మిస్త్రీలు డ్రమ్ము విప్పగానే లోపలి దుమ్మును నోటితో ఊదేసేవాళ్లు. ఆ రోజుల్లో లైనింగుల్లో ఉండేది ఆస్బెస్టాస్. అది ఊపిరితిత్తులను తినేస్తుందని వాళ్లకు ఎవరు చెప్పారు?

అప్పటికే బయటి ప్రపంచంలో డిస్కు బ్రేకు ఉంది. ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. 1953లో, అంటే ఫియట్ 1100 కొత్త రూపంలో వచ్చిన ఏడాదే, జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో ల మాన్ పందెం గెలిచింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ కారుకు ముందు డిస్కులు కంపెనీ నుంచే వచ్చాయి. డిస్కు బయటికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి గాలికి త్వరగా చల్లబడుతుంది, వేడికి ప్యాడ్లకు దూరం జరగదు.

మనసుకు గుచ్చుకునేది దీని తర్వాతి ముక్క. 1966లో ఇటలీ ఫియట్ వాళ్లు ఇదే కారుకు 1100 ఆర్ అని కొత్త మోడల్ తెచ్చి, ముందు చక్రాలకు డిస్కులు పెట్టారు. మనకు మాత్రం అంతకుముందరి 1100 డీ రూపమే మిగిలింది. మా నాయన కారు దానికి పదేళ్ల తర్వాతిది, అయినా డ్రమ్ములే. లైసెన్సుల కాలం అది. కార్లు చేసేది ముఖ్యంగా మూడు కంపెనీలు, డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసే జనం. బ్రేకు మార్చితేనే అమ్ముడుపోతుందన్న బెదురు ఎవరికుంటుంది? అయితే పూర్తిగా తప్పుపట్టను. మన బాగేపల్లి రోడ్డు మీద అరవై దాటి పోయేది ఎప్పుడని? ఆ వేగానికి మంచి డ్రమ్ము చాలు.

రోడ్డు మారింది, అదీ అసలు తంటా. కాశీ నుంచి కన్యాకుమారికి పోయే పాత ఏడో నంబరు హైవే ఇప్పుడు 44. దేవనహళ్లిలో 2008లో విమానాశ్రయం వచ్చింది, బండ్లు పెరిగాయి, వేగం పెరిగింది. అరవైలో పోయే కారును ఆపడానికి పుట్టే వేడి కన్నా వందలో పోయే కారును ఆపడానికి పుట్టేది రెండున్నర రెట్లకు పైనే. ముందు పోయే కొత్త కార్లకు ఏబీఎస్ ఉంటుంది. అది టక్కున ఆగుతుంది, వెనక మన ఫియట్ ఆగాలి కదా.

పేరేసంద్ర దగ్గర నాకు అదే జరిగింది. ముందు కారు ఆగింది. నేను పెడలు అడుగంటా తొక్కాను. కారు ఎడమకు లాగింది, జానెడు ఎడంలో నిలిచింది. వెనక సీట్లో మా అమ్మ, ఇద్దరు పిల్లలు. విప్పి చూస్తే ఒక చక్రం సిలిండర్ లీకై షూ అంతా ఆయిలు. ఆ కార్లకు మాస్టర్ సిలిండర్ ఒకటే, ఆయిలు దారీ ఒకటే. ఎక్కడ పగిలినా నాలుగు చక్రాలూ పోతాయి. అమెరికాలో 1960ల చివరికే రెండు దార్లు తప్పనిసరి చేశారు.

డిస్కులు వేయించాలని బెంగళూరులో ఒకచోట ఇచ్చాను. చక్కగా బిగించారు, పాత మాస్టర్ సిలిండర్ మాత్రం అట్లే ఉంచారు. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్లలో చాలావాటికి, కాలు తీసినా పైపులో కొంచెం ఒత్తిడి నిలిపే చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ముకు అది మంచిది. డిస్కుకైతే ప్యాడ్లు పట్టుకునే ఉంటాయి. చింతామణి నుంచి బయలుదేరి కైవారం చేరేసరికి ముందు చక్రాలు ముట్టుకోలేనంత వేడి, అదే పాత కంపు. తాతయ్య దయ వల్ల ఏమీ కాలేదు.

సరిచేసింది చింతామణి మిస్త్రీ ఒకాయన, డెబ్బై దాటినాయన. రెండు దార్ల మాస్టర్ సిలిండర్ పెట్టారు. డిస్కుకు డ్రమ్ములాగా తనంతట తాను లాక్కునే గుణం లేదు కాబట్టి ఇంజను వాక్యూమ్‌తో పనిచేసే బూస్టరు పెట్టారు. వెనక డ్రమ్ములు అలాగే ఉంచి కొత్త షూలు వేశారు. కారు ఆగేటప్పుడు బరువంతా ముందుకు పడుతుంది, వెనక అంత బ్రేకు అక్కర్లేదన్నారు. పైపులన్నీ కొత్తవి, ఆయిలు కూడా కొత్తది. బ్రేకు ఆయిలు గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే 140కే మరగవచ్చు. డబ్బున్నా లేకున్నా, డిస్కులు పెట్టినా పెట్టకున్నా, మీ పాత కార్లకు ముందు ఆయిలు మార్చండి.

ఇక చెడగొట్టినట్టా కాదా? కారులో ఎక్కడా ఏదీ కోయలేదు. పాత బోల్టు రంధ్రాలకే కొత్త ప్లేట్లు లేతులో చేయించి బిగించాం. కంపెనీ డ్రమ్ములు, షూలు గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను. మా పిల్లోడు పెద్దయ్యాక కావాలంటే ఒక్క పూటలో తిరిగి బిగించుకోవచ్చు.

బొంబాయిలో ఫియట్ టాక్సీల కాలం 2023 అక్టోబరుతో ముగిసింది. మాది ఇంకా తిరుగుతోంది. మొన్న ఉగాదికి నందికొండ ఎక్కి దిగాం. డిస్కులున్నా దిగింది రెండో గేర్లోనే.