ఏసీలో పెట్టిన మిరప

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పల్నాట ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా వినబడే మాట ఒకటే: "ఏం బావా, అమ్మేశావా, ఏసీలో పెట్టావా?" ఏసీ అంటే మాకు కోల్డ్ స్టోరేజీ. గుంటూరు మిర్చి యార్డులో ఏసీ సరుకుకు ఒక ధర, నాన్ ఏసీకి ఒక ధర.

ఈ చలి కథ మంచుతో మొదలు. మన దేశానికి అమెరికా మంచు వ్యాపార సరుకుగా ఓడల్లో వచ్చింది. 1833లో బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోయించి కలకత్తాకు పంపాడు. 180 టన్నులు ఎక్కిస్తే నాలుగు నెలల ప్రయాణం తర్వాత 100 టన్నుల దాకా మిగిలింది. తర్వాత అలా వచ్చే మంచును దాచడానికే మద్రాసు తీరాన ఐస్ హౌస్ కట్టారు. 1897లో వివేకానందుడు బస చేసింది అందులోనే. అదంతా దొరల గ్లాసుల కోసం. మా ఇళ్లలో ఇసుక మీద కుండ, ఉట్టి మీద పెరుగు. పెళ్లి వస్తే నరసరావుపేట నుంచి ఐసుగడ్డను ఊకలో పెట్టి, గోనెపట్టాలో చుట్టి బస్సు టాపు మీద తెచ్చేవారు.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక జొన్న చేలు పోయి మిరప, పత్తి వచ్చాయి. పంట పెరిగింది, చిక్కూ పెరిగింది. అందరి కాయలూ జనవరి, ఏప్రిల్ మధ్యే కల్లానికి చేరతాయి. ఎండలు ముదిరితే యార్డుకు సెలవులు. తొలకరి తేమ తగిలిందా, రంగు దిగిపోతుంది, బూజు పడుతుంది, తాలుకాయ ధరకు అడుగుతారు. అందుకే మా నాన్న తరం వ్యాపారి చెప్పిన ధరకే తలూపింది.

ఆ చిక్కుకు దారి చూపింది కోల్డ్ స్టోరేజీ. దాని లోపలికి మే నెల మధ్యాహ్నం వెళ్లి చూడాలి. బయట 44 డిగ్రీల ఎండ. మందపాటి తలుపు దాటితే అయిదారు డిగ్రీల చలి. పైకప్పు దాకా టిక్కీలు, అంటే మిరప బస్తాలు. గుడ్డి వెలుతురు. చలికన్నా ముందు ఘాటు గొంతు పట్టుకుంటుంది. హమాలీలు ముక్కు మీదుగా తుండు బిగించి, ఆ దగ్గులోనే బస్తాలు మోస్తారు. గొట్టాల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. వాటిలో తిరిగేది అమ్మోనియా. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, నీళ్లు చల్లార్చి ద్రవం చేస్తాయి, గొట్టాల్లో మళ్లీ ఆవిరయ్యేటప్పుడు అది గదిలోని వేడిని లాగేసుకుంటుంది. కాయ ఎరుపు నిలిచేది ఆ చలి వల్లే. మా మిరప చరిత్ర రాసేవాళ్లు ఈ హమాలీల దగ్గును మరవకూడదు.

ఇంట్లో ఫ్రిజ్ వచ్చి పెరుగు పులవకుండా కాపాడింది. ఏసీ వచ్చి రైతుకు గడువు ఇచ్చింది. సరుకు పెట్టినందుకు ఏసీవాళ్లు ఇచ్చే రసీదు, అదే బాండు, చూపిస్తే బ్యాంకులో అప్పు పుడుతుంది, ధర వచ్చేదాకా ఆగొచ్చు. కానీ ఆ గడువు అందరికీ దక్కలేదు. విత్తనానికీ పురుగుమందుకూ కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చిన కౌలు రైతు కల్లంలోనే అమ్మాలి. అదే సరుకు మరొకరి పేరున ఏసీకి చేరుతుంది. ఆగినవాడికైనా ధర పెరగకపోతే అద్దె, వడ్డీ మీద పడతాయి. నా లెక్కలో చల్లగదుల వల్ల ఎక్కువ బాగుపడింది నిల్వ పెట్టగలిగిన స్తోమత ఉన్నవాడే.

ఏసీలో పెట్టగలిగే తోటి రైతులకు నా మనవి: కాయ బాగా ఎండాకే ఏసీకి తోలండి. బాండు మీద మీ పేరు, తూకం, లాటు నంబరు చూసుకోండి. బీమా ఉందో లేదో అడిగి, కాగితం చేతికి వచ్చాకే బండి తిప్పండి.