బందరు మన చేతి నుంచి ఎట్ల జారింది?

మా దాదాజాన్ వాళ్ల అబ్బా హజ్‌కు పోయింది బొంబాయి నుంచి. ఆలేరు టేషన్‌లో రైలెక్కి సికింద్రాబాద్, అటు నుంచి బొంబాయి, బొంబాయిలో జహాజ్ ఎక్కి జిద్దా. మా ఇలాకాలో ఏ ముసల్మాన్ ఇంట్లో అడిగినా ఇదే రాస్తా చెప్తరు. 1995 దాకా బొంబాయి నుంచి హజ్ జహాజులు నడిచినయి. ఇప్పుడు నాంపల్లి హజ్ హౌస్ చూసిన పిల్లలకు ఆ జహాజుల ముచ్చట కిస్సా లెక్క ఉంటది.

కానీ ఒక్కసారి నఖ్షా ముందర పెట్టుకొని చూడండి. ఆలేరు నుంచి బొంబాయి ఎంత దూరమో, మచిలీపట్నం అందులో సగం కూడా లేదు. అక్కడ సమందర్ ఉన్నది, పాత బందర్‌గాహ్ ఉన్నది. మా ముత్తాత పుట్టడానికి రెండున్నర శతాబ్దాల ముందే అక్కడి నుంచి మక్కా వైపు జహాజులు పోయినయి. మరి ఆయన తూర్పు ఇడిచిపెట్టి పడమటికి ఎందుకు పోవలసి వచ్చింది?

ఈ సవాల్ నాకు స్కూల్లో రాలేదు. ఉర్దూ మీడియంలో చదివిన తారీఖ్‌లో కులీ కుతుబ్‌షా షాయరీ ఉన్నది, చార్మినార్ ఉన్నది, గోల్కొండ ముట్టడి ఉన్నది. సమందర్ లేదు. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్న. అక్కడ బందరు దొరికింది గానీ అది వేరే బందరు. 1902లో మొదలైన కృష్ణాపత్రిక, పట్టాభి సీతారామయ్య, 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు. ఒక జబాన్ కితాబులో బాద్షా ఉన్నడు, ఆయన రేవు లేదు. ఇంకో జబాన్ కితాబులో రేవు ఉన్నది, దానికి బాద్షా లేడు. రెండింటినీ ఒక్క దగ్గర పెట్టి చెప్పిన ఉస్తాద్ నాకు దొరకలేదు. అఖ్బార్ పని మీద బందరు పోయినప్పుడు ఆ రెండు ముక్కలూ అక్కడ అతుక్కున్నయి.

ముందు పేరు సంగతి. బందర్ అంటే ఫార్సీలో రేవు, అంతే. ఊరికి మచిలీపట్నం, మసులీపట్నం, మచ్‌లీబందర్ అని ఎన్ని పేర్లున్నా అక్కడివాళ్లు ఇప్పటికీ ‘బందరు’ అనే అంటరు. ‘బందరు లడ్డు’ తిన్నవాళ్లు తెలియకుండానే ఒక ఫార్సీ లఫ్జ్ నోట్లో వేసుకున్నట్టు.

ఊరు కుతుబ్‌షాహీల కంటే చానా పాతది. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన సముద్ర వ్యాపార పుస్తకంలో ‘మసాలియా’ అనే ఇలాకా ఉన్నది, అక్కడ సన్నబట్ట బాగా నేస్తరని అందులో రాసి ఉన్నది. రెండో శతాబ్దంలో మధ్యధరా సముద్రం ఒడ్డున అలెగ్జాండ్రియాలో ఉండి టాలెమీ చేసిన భూగోళ గ్రంథంలో ‘మైసోలియా’ వస్తది. ఈ రెండూ కృష్ణ కలిసే ఈ తీరమే. అంటే మన దేశం ఎన్నడూ చూడని మనిషికి కూడా మన బట్ట ఎక్కడి నుంచి వస్తదో ఎరుకే.

పదిహేనో శతాబ్దం చివర్లో ఈ తీరం బహమనీల చేతికి వచ్చింది. వాళ్ల రాజధాని బీదర్. ఇప్పుడు మచిలీపట్నం నుంచి బీదర్‌కు ఒక ఎక్స్‌ప్రెస్ రైలు నడుస్తది, ఓరుగల్లు మీదుగ, మా ఆలేరు పట్టాల మీదుగనే. రైల్వేవాళ్లు తారీఖ్ చదివి వేసిన బండి అనుకోను గానీ, పాత రాజధానిని దాని పాత రేవుతో ఆ బండి రోజూ కలుపుతది.

అసలు కథ గోల్కొండ జమానాది. 1605లో డచ్చివాళ్లు వచ్చి బందరులో కోఠీ పెట్టిండ్రు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వచ్చింది. 1669లో ఫ్రెంచివాళ్లు. మన పుస్తకాలు ఇక్కడి నుంచే మొదలుపెడ్తయి, ఆ సముద్రానికి దారి కనిపెట్టింది వాళ్లే అయినట్టు. వాళ్లు వచ్చేసరికే అక్కడ ఈరానీ సౌదాగర్లు ఉన్నరు, అర్మానీలు ఉన్నరు, తెలుగు కోమట్లు ఉన్నరు, గోల్కొండ బాద్షా సొంత జహాజులు ఉన్నయి.

ఇది ఫ్రాన్స్ దేశపు రత్నాల వ్యాపారి తవెర్నియే చెప్పిన మాటలోనే ఉన్నది. 1652లో ఆయన ఈరాన్‌లోని బందర్ అబ్బాస్‌లో ఎక్కి మన బందరులో దిగిండు. ఎక్కింది ఏ ఫిరంగీ ఓడనో కాదు, గోల్కొండ బాద్షా జహాజ్. సన్నబట్ట, అద్దకం బట్ట నింపుకొని అది ఏటా ఈరాన్ పోయి వస్తదని ఆయనే రాసిండు. బయలుదేరింది ఒక బందర్, చేరింది ఒక బందర్. ఊరు ఆయనకు పెద్దగా నచ్చలేదు, చెక్క ఇండ్లు తప్ప ఏమీ లేవన్నడు. రేవును మాత్రం బంగాళాఖాతంలోనే మేలైనదని మెచ్చుకున్నడు. అక్కడి నుంచి జహాజులు పోయే జాగాలు లెక్కపెట్టిండు. పెగూ, సయాం, అరకాన్, బెంగాల్, సుమత్రా, మనీలా, హుర్ముజ్. ఆ లెక్కలోనే మక్కా పేరు కూడా ఉన్నది.

నేను ఆ వరుస చదివి కాసేపు పుస్తకం మూసి కూసున్న.

ఆ జహాజుల్లో నిండే మాల్ ఎక్కడిది? సమందర్ ఒడ్డున ఉప్పు దొరుకుతది, చేప దొరుకుతది. తక్కినదంతా లోపలి నుంచి రావాలె. వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల నుంచి. ఉక్కు మన నిజామాబాద్, నిర్మల్ దిక్కు కొలుముల నుంచి. కోనసముద్రం ఉక్కు కోసం ఈరాన్ సౌదాగర్లు అక్కడిదాకా వచ్చేవాళ్లు. కంపెనీ డాక్టర్ వాయ్సీ 1820ల్లో అక్కడికి పోతే ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ ఉక్కు కొంటూ కనిపించిండు. ఇక నీలిమందు, బట్ట. వాటి కోసం డచ్చివాళ్లు ఖమ్మం దిక్కు నాగులవంచ దాకా వచ్చి కోఠీ పెట్టిండ్రు. ఇప్పుడు నాగులవంచ మీదుగ పోయే బస్సులో ఈ మాట చెప్తే నవ్వుతరు, నేను చెప్పి చూసిన.

రాస్తా కూడా మనదే. గోల్కొండ నుంచి హయాత్‌నగర్, అక్కడి నుంచి పంతంగి, పానగల్లు, అట్ల బెజవాడ, బందరు. హయాత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం కట్టించిన మసీదు, దాని చుట్టూ సరాయి, హాథీ బావడీ ఇప్పటికీ ఉన్నయి. పంతంగిని సంక్రాంతికి టోల్‌గేట్ దగ్గర గంటలకొద్దీ నిలబడ్డ ప్రతి ఒక్కరూ ఎరుగుదురు. ఆ జమానాలో కూడా దారి పొడుగునా సుంకం చౌకీలే, ఎడ్లబండ్ల ఖాఫిలాలు ఇట్లనే నిలబడి పైసలు కట్టినయి. మా ఆలేరు ఈ తొవ్వ మీద లేదు, ఓరుగల్లు తొవ్వ మీద ఉన్నది. అయినా నల్లగొండ జిల్లా గుండె మీదుగ పోయిన రాస్తా ఇది.

ఆ రాస్తా మీద పైకి వచ్చినవాళ్లలో మీర్ జుమ్లా ఒకడు. ఇస్ఫహాన్ దగ్గర అర్దిస్తాన్‌లో ఒక నూనె వ్యాపారి కొడుకు. బతుకుదెరువుకు గోల్కొండ వచ్చి బందరు హవల్దార్ అయ్యిండు, సొంత జహాజులు తిప్పిండు, చివరికి బాద్షాకే ఎదురు తిరిగి ఔరంగజేబు దిక్కు పోయిండు. మనిషి మీద నాకు ఇజ్జత్ లేదు. కానీ ఒక రేవు హవల్దార్‌కు అంత బలం వచ్చిందంటే, ఆ రేవులో ఎంత దౌలత్ దిగిందో ఆలోచించండి.

బందరు పక్కనే పెడన. అక్కడ ఇప్పటికీ కలంకారీ అద్దుతరు. పేరులో కలం ఉన్నది గానీ బందరు కలంకారీలో పని ఎక్కువ చెక్క అచ్చులదే. తీగలు, సరోచెట్లు, మెహరాబ్ లాంటి అంచులు అన్నీ ఈరానీల పసంద్ కోసం పుట్టిన నమూనాలు. ఎర్ర రంగు చిరివేరుది, దాన్ని తవ్వేది తెలుగు కూలీలు. ఒక పని పేరు ఫార్సీ, ఇంకో పని పేరు తెలుగు, బట్ట ఒక్కటే. ఇదంతా ‘బయటి నుంచి వచ్చిన’ వాళ్ల తారీఖ్ అని ఎవరన్నా అంటే నేను బహస్ చెయ్యను, పెడన తీసుకపోయి ఆ బట్ట చేతిలో పెడ్త.

ఇక చేజారిన కథ. 1687లో గోల్కొండ పడ్డది, బందరు మొగలుల పాలయింది. అప్పటికే ఇంగ్లీషువాళ్లు తమ పెద్ద కోఠీని మద్రాసుకు మార్చుకున్నరు. తర్వాత నిజాముల ఇంట్లో గద్దె కోసం కొట్లాట మొదలయ్యింది. మదద్ చేసినందుకు 1750 ప్రాంతంలో బందరు ఫ్రెంచివాళ్లకు దక్కింది. ఇక్కడే దివి కూడా తారీఖ్‌లోకి వస్తది.

దివి అంటే బందరుకు దక్షిణాన, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలి, ఆ పాయల నడుమ, సమందర్ ఎదుట ఉన్న జజీరా. అప్పుడు కోట లేదు, కోఠీ లేదు, బస్ పొలాలూ మడ అడవులూ. అయినా ఇద్దరు కంపెనీలవాళ్ల కన్ను దాని మీద పడ్డది. 1754 చివర్లో పుదుచ్చేరి, మద్రాసు గవర్నర్లు రాసుకున్న తాత్కాలిక సులహ్‌లో మసులీపట్నం, దివి రెండూ ఎట్ల పంచుకోవాలన్న బేరం నడిచింది. పట్నం ఒకరికైతే లంక ఇంకొకరికి. ఆ కాయితం మీద దివి రైతు మాట లేదు, హైదరాబాద్ దర్బార్ మాట కూడా లేదు. ఆ సులహ్ నిలవలేదు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రిపూట బందరు కోట మీద పడి ఫ్రెంచివాళ్ల దగ్గర గుంజుకున్నడు. మే నెలలో సలాబత్ జంగ్ దాన్ని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చిండు. 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారులు మొత్తం అప్పజెప్పిండు.

నన్ను కలత పెట్టిన దస్తావేజు మాత్రం ఇవేవీ కావు. అది 1802లో నిజాంకూ కంపెనీకీ జరిగిన వ్యాపార ఒప్పందం. మసులీపట్నం రేవును నిజాం వాడుకోవచ్చు, అక్కడ ఒక కోఠీ పెట్టుకోవచ్చు అని అందులో షరతు ఉన్నది. మళ్లీ చదవండి. తాతల కాలంలో సొంత జహాజులు తిరిగిన రేవులో, ఏ కంపెనీ అయితే కోఠీ కోసం ఫర్మానా అడుక్కున్నదో, అదే కంపెనీ ఇప్పుడు హైదరాబాద్‌కు కోఠీ పెట్టుకునే ఇజాజత్ ఇస్తున్నది. ఆ హక్కుతోని హైదరాబాద్ చేసింది కూడా పెద్దగా ఏమీ లేదు. యుద్ధంలో పోయినదాన్ని జనం యాద్ పెట్టుకుంటరు, కాయితాల మీద పోయినదాన్ని మరిచిపోతరు. మన సమందర్ కాయితాల మీదనే పోయింది.

తక్కినది మట్టి, గాలి చేసినయి. బందరు రేవులో లోతు తక్కువ, పెద్ద జహాజులు మైళ్ల దూరంలోనే లంగరు వేసి పడవల్లో మాల్ దించేవి. పూడిక పెరిగింది. 1864 నవంబర్ 1 రాత్రి తూఫాన్‌లో సమందర్ ఊరి మీదికి వచ్చింది, ముప్పై వేల మంది దాకా పోయిండ్రని లెక్క. కోట మళ్లీ లేవలేదు. బందరుకోట దగ్గర ఇప్పుడు మొండిగోడలు, ముళ్లచెట్లు. డచ్చివాళ్ల ఖబరస్తాన్ మాత్రం సర్కారు హిఫాజత్‌లో ఉన్నది, రాతిపలకల మీద వాళ్ల ఇంటి నిషానీలు చెక్కినయి చెక్కినట్టే ఉన్నయి. ఆ పలకలు చూసి వచ్చినంక, బందరు జహాజులు నడిపిన నాఖుదాల ఖబర్లు ఎక్కడని అడిగిన. ఎవరికీ మాలూమ్ లేదు.

ఆ తర్వాత రైలు. 1874లో నిజాం రైలు వాడీ నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది, అంటే బొంబాయితో కలిసింది. 1886లో అదే పట్టాలు మా ఆలేరు మీదుగ ఓరుగల్లు చేరినయి, 1889లో బెజవాడ. బెజవాడ నుంచి బందరుకు పట్టాలు 1908 దాకా పడలేదు. ఈ నడుమ కాలంలో మొత్తం ఇలాకా మొహం పడమటికి తిరిగింది. మాల్ బొంబాయికే, హాజీ బొంబాయికే. మా ముత్తాత టికెట్ ఎటు కొనాలె అన్నది ఆయన పుట్టకముందే తయ్ అయిపోయింది.

బందరు పోయినప్పుడు దివికి కూడా పోయిన. పులిగడ్డ దాటి అవనిగడ్డ, నాగాయలంక, అటు హంసలదీవి. వరి, అరటి, కాలువలు, దూరంగా తాటిచెట్లు. అంత ఖామోష్ జాగా నేను చూడలేదు. ఆ ఖామోషీకి ఒక తారీఖు ఉన్నది, 1977 నవంబర్ 19. ఆ రాత్రి ఉప్పెనలో దివిసీమలో వేల మంది పోయిండ్రు. తాటిచెట్టు పట్టుకొని తెల్లారేదాకా ఉన్న ఒక పెద్దాయన నాతో మాట్లాడిండు. ఆయన నీళ్ల గురించి చెప్పలేదు. తెల్లారినంక కుక్క అరుపు, కోడి కూత కూడా లేదన్నడు, అది మాత్రం రెండుసార్లు చెప్పిండు. ఏ ఊరు నుంచి వచ్చినవని అడిగితే ఆలేరు అన్న. ఎక్కడుంటదన్నడు. మా వాగు నీళ్లు మూసీలో కలుస్తయి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తది, కృష్ణ మీ దగ్గరికి వస్తది అని చెప్పిన. “అయితే మీ నీళ్లే మేం తాగేది” అన్నడు.

ఇప్పుడు బందరులో 2023 నుంచి కొత్త పోర్టు కడుతున్నరు, మంగినపూడి దిక్కు. తెలంగాణ సర్కారు మన దగ్గర ఒక డ్రై పోర్టు పెట్టి అక్కడికి కొత్త రోడ్డు వేయాలని అంటున్నది. అఖ్బార్లలో దీన్ని కొత్త ఖయాల్ అని రాస్తున్నరు. మా ఆఫీసులో ఆ వార్త నా చేతికి వచ్చినప్పుడు ‘కొత్త’ అన్న లఫ్జ్ కొట్టేసి ‘మళ్లీ’ అని రాసిన. డెస్కులో మార్చి వేసిండ్రు.