టేక్‌కు స్పానిష్‌లో ఏమంటారు? నాలుగు శతాబ్దాల తంటా

ఇంగ్లిష్ క్రియ ‘టేక్’కు సరితూగే ఒక్క మాట స్పానిష్‌లో లేదు. మందు వేసుకుంటే తొమార్, పిల్లవాణ్ణి బడికి తీసుకెళితే యెవార్, ఫొటో తీస్తే సాకార్, పనికి రెండు గంటలు పడితే తార్దార్. ‘ఆఫ్’ తోడైతే మరీ చిత్రం: చొక్కా విప్పితే కితార్సే, విమానం నేల విడిస్తే దెస్పెగార్. ఇది స్పానిష్ పేదరికం కాదు, ఇన్ని పనులను ఇంగ్లిష్ ఒక్క మాట నెత్తిన వేసిందంతే. 1755లో తన మహానిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ ఈ క్రియ కిందే నూటికి పైగా అర్థాలు ఇవ్వాల్సి వచ్చింది. ఇలాంటి చిన్న క్రియలు తన శ్రమను బాగా పెంచాయని ముందుమాటలో మొరపెట్టుకున్నాడు కూడా. అయితే రెండు భాషల నిఘంటువులకు ఈ చిక్కు మొదట్నుంచీ ఇంత పెద్దది కాదు. పరభాషను చదివితే చాలుననుకున్న వాళ్లు అందులో రాయాల్సి వచ్చినప్పుడే అది ముదిరింది.

మొదటి నిఘంటువులు యుద్ధం నీడలో పుట్టాయి. 1588లో స్పెయిన్ నౌకాదండు ఇంగ్లండ్ మీదికి వచ్చి దెబ్బతింది. మూడేళ్లకు, 1591లో, రిచర్డ్ పెర్సివాల్ లండన్‌లో ‘బిబ్లియోతెకా హిస్పానికా’ అచ్చు వేశాడు. అందులో స్పానిష్ వ్యాకరణమూ ఉంది, స్పానిష్ మాటలకు ఇంగ్లిష్, లాటిన్ అర్థాలు చెప్పే పదకోశమూ ఉంది. తనకు సాయపడ్డవాళ్లలో పెద్రో దె వల్దేస్ పేరు చెప్పుకున్నాడు. ఆయన ఆ నౌకాదండులోని సేనాని, అప్పటికి ఇంగ్లండ్‌లో బందీ. శత్రువు భాషను శత్రువునే అడిగి నేర్చుకోవడమన్నమాట! గమనించాల్సింది ఆ కోశం దిశ: స్పానిష్ నుంచి ఇంగ్లిష్‌కే. శత్రువు రాసింది చదవడమే అవసరం కాబట్టి అది చాలింది. చదివేవాడికి ఒక మాట ఎదుట నాలుగు అర్థాలు కుప్పగా పోసినా నష్టం లేదు, చేతిలోని వాక్యమే సరైనదాన్ని ఏరి పెడుతుంది. రాసేవాడి ముందు అలాంటి వాక్యం ఉండదు. 1599లో జాన్ మిన్షూ పెర్సివాల్ కోశాన్ని పెంచి, ఇంగ్లిష్ నుంచి స్పానిష్‌కు మరో భాగం చేర్చాడు. అది చాలామటుకు మొదటి భాగాన్ని తిరగేసి పేర్చినదేనని నిఘంటు చరిత్రకారుల మాట. అలా తిరగేస్తే కుప్ప కుప్పగానే ఉంటుంది, ఏరిపెట్టే దిక్కు మాత్రం పోతుంది.

తర్వాతి రెండు శతాబ్దాలూ ఆ కుప్పను పెంచడంతోనే సరిపోయింది. 1740లో లండన్‌లో స్పానిష్ నేర్పి బతికిన పెద్రో పినేదా ఒక నిఘంటువు తెచ్చాడు. 1778లో జోసెఫ్ బరెట్టి, పినేదాను తిట్టిపోస్తూ, మరొకటి తెచ్చాడు. బరెట్టి ఇటలీవాడు, రెండు భాషల్లో ఏదీ అతని తల్లిభాష కాదు. అసలైన మలుపు 1797–98లో మాద్రిద్‌లో వచ్చింది. కానెలీ, హిగ్గిన్స్ అనే ఇద్దరు ఐరిష్ మతగురువులు నాలుగు సంపుటాల నిఘంటువు అచ్చు వేయించారు. ఇంగ్లిష్‌కు జాన్సన్‌ను, స్పానిష్‌కు రాయల్ అకాడమీ నిఘంటువును ఆధారం చేసుకున్నారు. అర్థాలను విడివిడిగా, వివరణలతో చూపడం గొప్ప ముందడుగే. కానీ జాన్సన్ అర్థాలను విడదీసింది ఇంగ్లిష్ పాఠకుడి కోసం. ఆ గీతలు స్పానిష్ గీతల మీద కూర్చోవు. ఇంగ్లిష్‌వాడికి వేరువేరుగా తోచే అర్థాలు కొన్ని తొమార్‌లోనే ఇమిడిపోతాయి. అతనికి ఒకటే అనిపించేది స్పానిష్‌లో రెండు మూడు క్రియలుగా చీలుతుంది.

1852లో న్యూయార్క్‌లో వెలువడిన మరియానో వెలాస్కెస్ దె లా కదేనా నిఘంటువు ఈ వారసత్వానికి మంచి సాక్ష్యం. అమెరికా, మెక్సికోల యుద్ధం ముగిసి నాలుగేళ్లే అయింది. స్పానిష్ మాట్లాడే నేలలు అమెరికాలో కలిశాయి. చదివి ఊరుకునే వాళ్లకన్నా ఉత్తరాలు, ఒప్పందాలు రాసుకోవాల్సిన వాళ్ల అవసరం పెరిగింది. అయినా తన పుస్తకానికి పునాది న్యూమన్, బరెట్టిల నిఘంటువుకు సియోనె చేసిన కూర్పని ముఖపత్రమే చెబుతోంది. అవసరం మారినా సరుకు తాతలనాటిదే.

పాత నిఘంటుకారుల మీద ఇది అన్యాయపు అభియోగమని, కాగితం ఖరీదు వల్ల వాళ్లు ఉదాహరణలు తగ్గించారని ఎవరైనా అనవచ్చు. ఖరీదు నిజమే. అయితే నాలుగు సంపుటాల చోటు దొరికినవాళ్లు కూడా ఆ చోటును ఎక్కువగా అర్థవివరణకే వాడారు. లోపం చోటుది కాదు, ప్రశ్నది. ‘ఈ క్రియకు అర్థాలెన్ని?’ అని అడిగారే గాని, ‘దీని పక్కన ఏ నామం ఉంటే ఏ క్రియ వాడతారు?’ అని అడగలేదు. ఆ రెండో ప్రశ్నకు పుటపుటనా జవాబు చెప్పిన పుస్తకాల్లో 1971లో కాలిన్ స్మిత్ కూర్చిన కాలిన్స్ నిఘంటువు ముఖ్యమైనది. సమానార్థకానికి ముందు అది ఎక్కడ చెల్లుతుందో సూచించి, ప్రాంతపు గుర్తు పెట్టడం అలవాటైంది. ఆ గుర్తు అలంకారం కాదు. బస్సెక్కడానికి స్పెయిన్‌లో నిశ్చింతగా వాడే కోహేర్, మెక్సికోలో, అర్జెంటీనాలో పచ్చి బూతు. అక్కడ తొమార్ అనాలి.

ఇప్పుడు అనువదించే యంత్రం ఉంది కదా, ఇదంతా పాత గొడవ అనేది రెండో ఆక్షేపణ. యంత్రం కథ కూడా ఇదే. పదానికి పదం పెట్టినంత కాలం అది తడబడింది. 1960లో బార్-హిలెల్ అనే తార్కికుడు, లోకజ్ఞానం లేకుండా మాటకు సరైన అర్థం ఎంచడం యంత్రానికి సాధ్యం కాదని వాదించాడు. లక్షల వాక్యాల జంటల్లో ఏ మాట దేని సరసన వస్తోందో లెక్క చూడడం మొదలుపెట్టాకే దాని అనువాదం బాగుపడింది. నిఘంటుకారులు చేత్తో పట్టుకున్న సూత్రమే అది. అయినా ఉత్తరం మెక్సికోకా, మాద్రిద్‌కా అన్నది చెప్పాల్సింది మనిషే.

మన భాష విషయంలోనూ ఈ చూపు పనికొస్తుంది. ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు కొనేటప్పుడు ముందుమాట కాదు, ‘టేక్’ ఉన్న పుట తెరవండి. అక్కడ కామాలతో కలిపిన మాటల వరుస మాత్రమే ఉంటే, అది చదువుకోవడానికి పనికొస్తుంది, రాయడానికి కాదు.